పదో మాల

ముప్పై ఏడు కాన్పులకు ఈ బండిలోనే వెనక కూర్చుని పోయింది సుమలత. ఏనాడూ దారి ఇంత పొడుగ్గా లేదు. ఊరికి ఆశా కార్యకర్తగా పదమూడేళ్లు. మొగుళ్లపల్లి నుంచి భూపాలపల్లి దాకా ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ డ్రైవర్ బ్రేకు తొక్కుతాడో, ఏ మలుపు దగ్గర నొప్పుల మనిషి తన చెయ్యి పట్టి పిసుకుతుందో కళ్లు మూసుకున్నా చెప్పగలదు. ఇవాళ ఆమె చెయ్యి పట్టుకున్నవాళ్లు లేరు. ఎదురుగా స్ట్రెచర్ మీద కాషాయం లుంగీ, మెడలో మాల, నోటి మూలన ఎండిన నురగ, నుదుటి సింధూరం చెమటకు కరిగి కనుబొమ్మల్లోకి దిగి, పడుకుని ఉన్నది ఆమె తోడబుట్టిన అన్న భిక్షపతి. ఆ సింధూరం పెట్టింది ఆమే. ఆ మాల వేయించిందీ ఆమే. మంగళవారం మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలు. శనివారం పొద్దున వేసిన మాల. నలభై ఒక్క రోజులు మెడలో ఉండాల్సింది, నాలుగో రోజుకే అంబులెన్స్ ఎక్కింది.

"స్వామీ... స్వామీ," అంటోంది కాళ్ల దగ్గర కూర్చున్న వదిన చంద్రమ్మ. మాలలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలవకూడదు, అన్నా అనకూడదు, ఏమయ్యా అనకూడదు. నాలుగు రోజుల నుంచి భిక్షపతికి పేరు లేదు. సెలైన్ పైపు సరిచేస్తున్న అంబులెన్స్ టెక్నీషియన్ దేవ్యా తల ఎత్తకుండానే, "పిలుస్తనే ఉండుండ్రి, మనిషి జారిపోవద్దు," అన్నాడు. పదేళ్లుగా ఈ బండిలోనే తిరుగుతున్నవాడు దేవ్యా. మామూలప్పుడైతే సుమలతను చూడగానే, "అక్కా, దారిలనే కంటదా, దవాఖాన దాక ఆగుతదా, చాయ్ పందెం," అనేవాడు. ఇవాళ బండెక్కించేటప్పుడు ఒక్కటే అడిగాడు. "తాగుతడా?" సుమలత నోరు తెరిచేలోపే చంద్రమ్మ అందుకుంది. "మెడల మాల కనబడుతలేదా నీకు? జెరమొచ్చి పడిపోయిండు." దేవ్యా సుమలత వైపు చూశాడు. సుమలత తన చెప్పుల వైపు చూసుకుంది. అక్కడ మొదలైంది ఈ దారి పొడుగవడం. ఇంకో యాభై నిమిషాల్లో దవాఖాన గుమ్మంలో డాక్టర్ ఇదే ప్రశ్న అడుగుతారు. అప్పుడేం చెప్పాలి?

జ్వరమనే చెప్పొచ్చు. ఒళ్లు కాలుతోంది, అబద్ధం కాదు. జ్వరానికి ఫిట్స్ వచ్చాయంటే నమ్ముతారు, మెదడువాపు అనుకుంటారు, పరీక్షలు రాస్తారు. సుమలత మీదికి మాట రాదు. తొమ్మిది మంది మీదికి కూడా రాదు. తొమ్మిది మంది, అదీ అసలు లెక్క. ఆరేళ్ల కింద మొగుడు సారయ్య పోయినప్పుడు, తాగొచ్చాడని తను రాత్రంతా తలుపు తియ్యకపోతే తెల్లారి పత్తి చేనులో పురుగుల మందు డబ్బా పక్కన దొరికినప్పుడు, ఇక ఊళ్లో ఇంకో మనిషిని ఇలా పోనివ్వనని పంతం పట్టింది. గోలీలు ఇప్పించి చూసింది, పెళ్లాల చేత ఒట్లు వేయించి చూసింది, ఎవడూ వారం దాటలేదు. అప్పుడు కనిపెట్టింది మాలను. డాక్టర్ మాట విననివాడు, కన్నతల్లి మాట విననివాడు, ఆంజనేయస్వామి మాల మెడలో పడ్డాక చుక్క ముట్టడు. పొద్దున్నే చన్నీళ్ల స్నానం, చాప మీద పడక, ఒంటిపూట తిండి, ఊరంతా స్వామీ అని దండం పెట్టడం. నిన్నటిదాకా మోరీలో పడ్డవాడికి ఆ దండం ఏ మందూ ఇవ్వని బలం ఇచ్చేది. నలభై ఒక్క రోజులు గడిచాక సుమలత వాళ్లను వదిలేది కాదు. శనివారం శనివారం బడి వరండాలో కూర్చోబెట్టి మాట్లాడించేది, ఎవరు తడబడ్డారో చెప్పించేది, ఏడ్చేవాణ్ని ఏడవనిచ్చేది. అలా తొమ్మిది మంది నిలబడ్డారు. మండలంలో మీటింగ్ పెట్టి శాలువా కప్పారు. ఆ శాలువా బీరువాలో మడత పెట్టి ఉంది. ఇప్పుడెందుకు గుర్తొస్తోంది అది.

బండి రేగొండ దాటింది. కిటికీ అద్దం సగం దాకా తెల్లరంగు. పైన మిగిలిన సందులోంచి మక్కజొన్న కంకులు ఆరబోసిన రోడ్డు అంచు, గొర్రెల మంద, ఒక ఎర్ర చీర. అన్న చేతులు స్ట్రెచర్ అంచున వణుకుతున్నాయి. ఆ చేతులు. ఈ చుట్టుపక్కల కాలిపోయిన బోరు మోటర్లన్నీ ఆ చేతుల మీదుగానే మళ్లీ తిరిగాయి. వెంట్రుకంత రాగి తీగను స్లాటు స్లాటుకూ చుట్టే పని. తీగ ఒక్క చుట్టు తప్పితే మోటరు మళ్లీ కాలుతుంది. పొద్దున లేవగానే అవే చేతులు గ్లాసు పట్టుకోలేకపోయేవి. కల్లు కాంపౌండ్‌కు పోయి రెండు సీసలు తాగి వస్తే గానీ నిలబడేవి కావు. తాగొచ్చాక మాత్రం సూదిలో దారం ఎక్కించేవాడు. "నా చేతులకు స్టార్టర్ గావాలె సెల్లె," అని నవ్వేవాడు. అందరూ నవ్వేవారు, సుమలత కూడా నవ్వేది. మోటరుకు స్టార్టర్ ఎందుకో తెలిసిన మనిషి తన ఒంటి సంగతి చెబుతున్నాడని పదిహేనేళ్లలో ఒక్కరోజూ ఆమెకు తట్టలేదు.

తట్టలేదా. తట్టింది. తారి చెప్పింది కదా. జనగామలో రెండు రోజుల శిక్షణ, కిందటి చలికాలం. తాగుడు మానేవాళ్లకు అండగా ఉండేవాళ్లందరినీ మూడు జిల్లాల నుంచి పిలిచారు. రెండో రోజు తొర్రూరు నుంచి వచ్చిన తారి లేచింది, మహబూబాబాద్ పక్క తండా పిల్ల, ముప్పై ఏళ్లుంటాయేమో, బస్సు టైములు చెప్పినట్టు చెప్పుకుపోయింది. చెట్టు కల్లు వేరు, కాంపౌండ్ కల్లు వేరు. కాంపౌండ్‌లో తెల్ల పొడి కలుపుతారు, నిద్రగోలీల పొడి. అది తాగినవాడు తాగుడు మానడం అంటే కల్లు మానడం కాదు, ఆ పొడి మానడం. ఒక్కసారి ఆపితే ఒళ్లు తిరగబడుతుంది. మా తండా దగ్గర కాంపౌండ్ పదకొండు రోజులు మూతబడ్డది, మూడో దినం మా బాపు గోడ మీద ఎద్దు నడుస్తుందన్నడు, నాలుగో దినం ఆటోలనే పోయిండు. అందుకే నేను నోట్‌బుక్ పెట్టి తగ్గిస్త. ఎనిమిది సీసలు తాగెటోనికి నాలుగు దినాలు ఏడు, ఇంక నాలుగు దినాలు ఆరు, దవాఖానల చూపించుకుంట, మెట్లు దిగినట్టు. సుమలత అప్పుడు పక్కనున్న ఆమె చెవిలో అన్న మాట ఇప్పటికీ తన నాలుక మీదే ఉంది. "మాన్పియ్యమంటే తనే పోస్తదట, ఈమేం మాన్పిస్తది." ఇద్దరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తారి చూసింది. చూసి, టీ టైములో తనే వచ్చి నంబరు ఇచ్చి పోయింది.

ఆ తొమ్మిది మందిలో కాంపౌండ్ కల్లు తాగినవాడు ఒక్కడూ లేడు. లైసెన్స్ షాపు సీసాలు కొందరు, గుడుంబా కొందరు, చెట్టు కల్లు ఇద్దరు. వణికారు, వాంతులు చేసుకున్నారు, నిలబడ్డారు. సుమలత ఆ తేడా అడగలేదు. మాలకు వచ్చినవాణ్ని ఏం తాగుతావు, ఎన్ని తాగుతావు అని అడగడం స్వామిని అవమానించినట్టని మాలలు వేసే గురుస్వామి అన్నాడు, ఆమెకూ అదే బాగుందనిపించింది. పాతది అక్కడే వదిలేసి లోపలికి రావడం. కానీ అన్న సంగతి ఆమె అడగాల్సిన పని లేదు కదా. అన్నే చెప్పాడు. మాలకు ముందు రోజు షెడ్డులో మోటరు విప్పుతూ, మొహం చూడకుండా, "మెల్లగ బంద్ జేస్త సుమా. దినాం ఒకటి తగ్గిస్త. ఒక్కపాలి అంటే నాకు భయమైతుంది," అన్నాడు. నడివయసు మనిషి, వాగు పొంగినప్పుడు ఆమెను భుజాల మీద ఎక్కించుకుని బడికి దాటించినవాడు, భయమవుతోందని చెల్లెలికి చెప్పుకున్నాడు. "మెల్లగ అన్నోడెవడు మానలేదన్నా," అంది ఆమె. సారయ్య కూడా మెల్లగ మానుతాననే అనేవాడు.

చేతిలో ఫోన్ మోగింది. గురుస్వామి. ఎత్తలేదు. సాయంత్రం, మాల స్వాములు ఉండే పీఠంలో హీర్యాకు మాల వేయాలి. తండా చివర ఇల్లు, నలుగురు పిల్లలు, భార్య నెల రోజులు తిరిగి తిరిగి ఒప్పించింది. పదకొండో మాల. మోగి మోగి ఆగింది. ఆ ఫోన్ తెర మీద వేలు తనంతట తానే కిందికి జరిగి తారి నంబరు దగ్గర ఆగింది. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ చెయ్యని నంబరు.

"చెప్పక్కా," అంది తారి, నిన్ననే మాట్లాడుకున్నట్టు.

చెప్పింది సుమలత. చంద్రమ్మకు వినబడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టి, ముక్కలు ముక్కలుగా. శనివారం, మాల, పదిహేనేళ్లు, కాంపౌండ్, ఇయ్యాల ఫిట్స్.

"దినాం ఎన్ని?"

"ఎనిమిది. తొమ్మిది."

"ఆఖరిది ఎప్పుడు తాగిండు?"

"శుక్రవారం మాపటికి."

"అక్కా, విను. గుమ్మంలనే చెప్పు, వాళ్లు అడగకముందే చెప్పు. కాంపౌండ్ కల్లు, ఇన్నేండ్లు, ఇన్ని సీసలు, ఎప్పుడు బంద్ జేసినమని. జెరమంటే జెరానికే చూస్తరు. మా బాపును తీస్కపోయినప్పుడు మేం కూడ జెరమనే చెప్పినం. ఆటోడు అడిగితే." ఆగింది. "సిగ్గుకు చెప్పినం."

ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. తిట్టలేదు ఆ పిల్ల. తిడితే బాగుండేది. చంద్రమ్మ ఇటే చూస్తోంది. "ఎవలకు చెప్పినవు?" అంది. ఎవరికీ లేదంది సుమలత. "చెప్పకు సుమా. నీ కాళ్లు మొక్కుత. మాల మీద ఉండి తాగిండు, స్వామి పడగొట్టిండంటరు. బతికొచ్చినా ఊళ్లె తలెత్తుకోడు." తాగలేదు కదా వదినా, తాగకపోవడం వల్లనే కదా అనబోయి ఆగింది. ఆ మాట తీస్తే ఇంకో మాట వస్తుంది. సోమవారం పొద్దున మాట.

సోమవారం పొద్దున అన్న చాప మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఊగుతున్నాడు. రెండు రాత్రులు నిద్ర లేదు. ఒంటి మీద లేని చీమలను తీసేసుకుంటున్నాడు. చంద్రమ్మ ఎప్పుడు పోయిందో, కొంగు కింద సీస పెట్టుకుని పీఠం వెనక నుంచి వచ్చింది. చదువు లేని మనిషి, శిక్షణ లేని మనిషి, మొగుడి ఒళ్లు ఏం అడుగుతోందో ఇరవై రెండేళ్ల కాపురంలో తెలుసుకున్న మనిషి. "సగం తాపిస్త సుమా. సగమే. జర నిమ్మళమైతడు," అంది. సుమలత ఆ సీస లాక్కుంది. పదిమంది చూస్తుండగా పీఠం ముందు వాకిట్లో బోర్లించింది. తెల్లగా నురగతో మట్టిలోకి ఇంకింది. ఎవరో చప్పట్లు కొట్టారు. గురుస్వామి, "మాత అంటే సుమలత మాత," అన్నాడు. అన్న ఆ తడి మట్టి వైపు చూశాడు. ఆ చూపు ఇప్పుడు బండిలో పైకప్పు మీద ఉంది, కిటికీ మీద ఉంది, ఎటు చూసినా ఉంది.

అంతటితో అయిపోలేదు. ఇవాళ పొద్దున ఆరింటికి అన్న లేచి ఊగడం మొదలుపెట్టాడు. కళ్లు పెద్దవి చేసి, గోడ మీద ఎవరితోనో మాట్లాడుతూ, పళ్లు కొరుకుతూ, వాకిలంతా తిరిగాడు. "శిగమొచ్చింది. స్వామి ఒంటి మీదికొచ్చిండు," అన్నారు. డప్పు తెచ్చారు. కొబ్బరికాయలు ఆయన కాళ్ల దగ్గరే కొట్టారు. ఆడవాళ్లు నీళ్ల బిందెలు కాళ్ల మీద గుమ్మరించారు. వానలు పడతాయా అని ఒకరు, కొడుక్కు నౌకరి వస్తుందా అని ఒకరు అడిగారు. మూడో దినం గోడ మీద ఎద్దు నడుస్తుందన్నడు మా బాపు: తారి మాట సరిగ్గా అప్పుడే చెవిలో పడింది సుమలతకు, డప్పు చప్పుడులోంచి కూడా పడింది. దాన్ని పక్కకు నెట్టింది. ఎందుకంటే జనం వరసలో ఆమె కూడా ఉంది. చేతులు జోడించి, ఆరేళ్లుగా ఎవరినీ అడగనిది అడిగింది. "స్వామీ, సారయ్య నన్ను మన్నించిండా?" అన్న చెయ్యి ఎత్తి ఆమె నెత్తి మీద పెట్టాడు. ఆ చెయ్యి వణుకుతోంది, నిప్పులా కాలుతోంది. దేవుడి వేడి అనుకుంది. భుజాన వేలాడుతున్న సంచిలో థర్మామీటర్ ఉంది. సంచి మీద చెయ్యి ఆనించే ఉంచి, కళ్లు మూసుకుని, మన్నించిండు, మన్నించిండు అనుకుంటూ నిలబడింది. పదకొండున్నరకు అన్న నిలువునా పడిపోయి, మెడ వెనక్కి విరిగి, నాలుక కొరుక్కునేదాకా డప్పు ఆగలేదు. ఐదున్నర గంటలు. ఆ ఐదున్నర గంటలు ఎక్కడున్నావని ఎవరైనా అడిగితే? వరసలో ఉన్నాను.

చెల్పూరు పొగగొట్టాలు కిటికీ సందులో లేచాయి, తెల్లగా, నిటారుగా. అప్పుడే స్ట్రెచర్ దడదడమంది. అన్న నడుము విల్లులా పైకి లేచింది, కళ్లలో తెల్లగుడ్డు మిగిలింది. దేవ్యా ఒక చేత్తో తలను పక్కకు తిప్పుతూ ఇంకో చేత్తో ఆక్సిజన్ పట్టుకున్నాడు. చంద్రమ్మ "స్వామీ" అని అరిచి తన నోరు తానే మూసుకుంది. ఎంతసేపో, నిమిషమేమో, రెండేమో, బండి మాత్రం పోతూనే ఉంది. వణుకు ఆగాక మనిషి మెత్తగా, ఖాళీ సంచిలా పడ్డాడు. "పిలువుండ్రి, పిలువుండ్రి," అన్నాడు దేవ్యా. "స్వామీ," అంది చంద్రమ్మ. ఏమీ లేదు. "స్వామీ." ఏమీ లేదు. సుమలత లేచి, మోకాళ్ల మీద కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టింది. ఏం పిలవాలో నోటికి వెంటనే రాలేదు; నాలుగు రోజుల్లోనే అలవాటు తప్పింది. "అన్నా. భిక్షన్నా. నేను సుమను." రెప్ప కదిలింది. మళ్లీ పిలిచింది, మళ్లీ కదిలింది. చంద్రమ్మ చూసింది. కాసేపటికి ఆమె కూడా ముందుకు వంగి, ఏమయ్యో, ఏమయ్యో అని సన్నగా, ఇంట్లో పిలిచినట్టు పిలవసాగింది.

గుమ్మంలో ఇద్దరు వార్డు మనుషులు, ఒక లేడీ డాక్టర్. స్ట్రెచర్ చక్రాలు నేలకు తాకకముందే డాక్టర్, "ఏమైంది?" అంది. "జెర..." అంటోంది చంద్రమ్మ.

"కల్లు మేడం. కాంపౌండ్ కల్లు," అంది సుమలత. "పదిహేనేండ్లు. దినాం ఎనిమిది తొమ్మిది సీసలు. శుక్రవారం మాపు ఆఖరిది. నేనే ఒక్కపాలి బంద్ జేపిచ్చిన. మూడు రాత్రుల సంది నిద్ర లేదు, చీమలంటున్నడు. సోమవారం ఈమె సగం తాపిస్తనంటే నేనే పారబోసిన. ఇయ్యాల ఆరింటి సంది మతి లేదు, దేవుడొచ్చిండనుకున్నం. పదకొండున్నరకు ఒకసారి, చెల్పూరు కాడ ఒకసారి ఫిట్స్." ఆగి, మళ్లీ అంది. "నేను ఆశాను మేడం. నాకు తెలుసు."

డాక్టర్ ఆమె మొహం చూడలేదు. వెనక్కి తిరిగి నర్సుకు ఏదో మందు పేరు చెప్పింది, స్ట్రెచర్ వెంట పరుగెత్తింది. చంద్రమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. సుమలత పక్కన కూర్చోలేదు. రెండు మూరల దూరంలో నిలబడింది. వరండాలో బొగ్గుబాయి యూనిఫాం వేసుకున్న ఒకాయన పండు ఒలుచుకుని తింటున్నాడు. దేవ్యా ఖాళీ స్ట్రెచర్ తోసుకుపోతూ, ఆమె ముందునుంచి బండి వైపు పోయాడు.

గంటకు పైగా గడిచాక డాక్టర్ బయటికి వచ్చింది. ఫిట్స్ ఆగాయి, ఇంకా తెలివి రాలేదు. "మూడు దినాలు ఏం చెప్పలేం. గుండె మీద భారం పడ్డది, జెరం దిగుతలేదు. చెప్పినరు కాబట్టి ఏం ఇయ్యాల్నో తెలిసింది," అంది. చంద్రమ్మ లేచింది. "ఏం మందిచ్చిన్రు మేడం?" డాక్టర్ అలసటగా, దాపరికం లేకుండా చెప్పింది. "ఆ కల్లుల కలిపేదానికి తోడబుట్టిందే. కొలిచి ఇస్తం. మెల్లమెల్లగ తగ్గిస్తం. ఒకపాలి ఆపొద్దు."

మెల్లమెల్లగ. చంద్రమ్మ సుమలత వైపు తిరిగింది. ఇప్పుడు అంటుంది, అనాలి, అంటే బాగుండు. చంద్రమ్మ చాలాసేపు చూసింది. తర్వాత కొంగు భుజం మీదికి లాక్కుని, అద్దాల తలుపు వైపు తిరిగి నిలబడింది. ఆ వీపు చూస్తూ నిలబడటం తప్ప సుమలతకు చేసేదేమీ లేదు. మూడు రోజులో, మూడేళ్లో, ఆ వీపు ఇటు తిరుగుతుందో లేదో.

ఫోన్. గురుస్వామి, నాలుగోసారి. ఎత్తింది.

"మాతా, స్వామి ఎట్లున్నడు? ఇగో హీర్యా జల్దిగనే వచ్చిండు. స్నానం జేసి కూసున్నడు. మీరొచ్చేదాక ఆగాల్నా, నన్నే ఎయ్యమంటరా మాల?"

"ఏం తాగుతడో అడుగు."

"అదేంది మాతా. మాలకొచ్చినోణ్ని గట్ల అడుగుతమా?"

"అడుగు. చెట్టు కల్లా, కాంపౌండా. దినాం ఎన్ని, ఎన్నేండ్ల సంది. ఆఖరిది ఎప్పుడు తాగిండు."

దూరంగా మాటలు. ఎవరో చిన్నగా సిగ్గుపడి నవ్విన చప్పుడు. "కాంపౌండ్‌దేనట. ఆరు సీసలు. పదేండ్లయితుందట. మొన్నటి సంది ముట్టనే లేదు మాతా, మస్తు నిష్ఠ మీదున్నడు. భక్తితోని చేతులు వణుకుతున్నయి, చూస్తే మీకు కండ్లల్ల నీళ్లొస్తయి."

"మాల ఎయ్యకు. బండి మీద మనిషిని తోలి కాంపౌండ్ల ఒక సీస తెప్పియ్యి."

"మాతా..."

"పీఠంల వద్దు. బయట అరుగు మీద కూసోబెట్టి తాపియ్యి. నువ్వే నీ చేతులతోని తాపియ్యి. తాపించి, పండవెట్టకుండ బండి మాట్లాడి ఈడికి తోలియ్యి. ఎవలన్న అడిగితే సుమలత తాపియ్యమన్నదని చెప్పు. ఊరందరికి చెప్పు."

చంద్రమ్మ వీపు కదలలేదు, కానీ వింటోంది. చెవి దగ్గర వెంట్రుకలు సర్దుకోబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయి ఉంది. సుమలత ఫోన్ పెట్టలేదు. చెవికి గట్టిగా అదిమి పట్టుకుని, అవతల పీఠం వాకిట్లో ఒక మోటర్ సైకిల్ స్టార్టయ్యే చప్పుడు కోసం వింటూ నిలబడింది. ఒక కిక్కు. రెండో కిక్కు. మూడోది అందుకుంది.